22 కేఎన్ స్లింగ్ ఉంటే చాలదా అన్నా?

ప్రశ్న: అన్నా, నమస్తే. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. వీకెండ్లలో భువనగిరి గుట్ట దగ్గర క్లైంబింగ్ నేర్చుకున్నాను. ఈ మధ్య పైనుంచి కిందికి వేసే టాప్‌రోప్ కట్టే పని, పైన తాడు బిగించే యాంకర్ దగ్గర ఉండి కొత్తవాళ్లను చూసుకునే పని నాకే అప్పజెబుతున్నారు. యాంకర్‌కి నన్ను నేను కట్టుకోవడానికి 120 సెంటీమీటర్ల డైనీమా స్లింగ్ (సాగని పోగుతో చేసిన పట్టీ) వాడుతున్నాను. పొడవు ఎక్కువైతే మధ్యలో ఒక ముడి వేస్తాను. దాని మీద 22 కేఎన్ (కిలోన్యూటన్లు) అని రాసుంది. మా బ్యాచ్‌లో ఒకతను "దీనికి కారును వేలాడదీసినా తెగదు, ఇంకేం కావాలి?" అంటాడు. ఇంకొకామె "సాగని దాని మీద పడితే నడుం విరుగుతుంది, కుదుపు పడితే సాగే డైనమిక్ రోప్‌తో చేసింది కొనుక్కో" అంటుంది. "సాగితే ఇంకా కిందికి పోయి బండకు కొట్టుకుంటావు" అని అతని వాదన. ఈ గొడవ పడలేక నేను రాణీగంజ్ వెళ్లి, కన్‌స్ట్రక్షన్ వాళ్లు వాడే లాన్యార్డ్ (ఒంటిని యాంకర్‌కి కట్టే పొట్టి తాడు) ఒకటి తెచ్చుకున్నాను. లోపల ఎలాస్టిక్ ఉంది, బాగా సాగుతుంది, ధర కూడా తక్కువ. మూడింటిలో ఏది వాడమంటావు? డైనీమా స్లింగ్ పారేయాలా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: తమ్ముడూ, ముందు ఈ ఆదివారానికి పనికొచ్చే మాట చెప్పేస్తాను, కారణాలు తర్వాత. డైనమిక్ రోప్‌తో చేసిన లాన్యార్డే కట్టుకో. మధ్యలో ముడి వేసిన డైనీమా స్లింగ్‌తో యాంకర్‌కి కట్టుకోవడం ఇవాళ్టితో మానెయ్. రాణీగంజ్ నుంచి తెచ్చినదాన్ని అసలు గుట్ట దాకా తేవద్దు. అయితే మీ బ్యాచ్ వాదనలో నాకు కొరతగా కనిపించింది ఒకటుంది. అందరూ తాడు దేనితో చేశారన్న దగ్గరే ఆగిపోయారు. నువ్వు పైన నిలబడ్డప్పుడు ఆ తాడు బిగుతుగా ఉందా, వదులుగా వేలాడుతోందా అని ఒక్కరూ అడగలేదు. తాడు బిగుతుగా ఉండి, నీ బరువు దాని మీదే ఉంటే డైనీమా అయినా నైలాన్ అయినా పెద్ద తేడా ఉండదు. స్లాక్ వచ్చిన క్షణం నుంచే తేడా మొదలవుతుంది.

కారు సంగతి చూద్దాం. ఒక కిలోన్యూటన్ అంటే సుమారు 102 కిలోల బరువు లాగే లాగుడు. 22 అంటే రెండు వేల రెండొందల కిలోల పైమాటే. కాబట్టి చిన్న కారును వేలాడదీయొచ్చన్నది అబద్ధం కాదు, క్రేన్‌తో మెల్లగా లేపితే. స్లింగుల పరీక్ష కూడా అలాగే జరుగుతుంది. మెషీన్‌కి రెండు వైపులా తగిలించి, తెగేదాకా నెమ్మదిగా లాగుతారు. యూరప్ ప్రమాణం ఈఎన్ 566 ప్రకారం కుట్టిన స్లింగ్ కనీసం 22 కేఎన్ దాకా నిలవాలి. నీ స్లింగ్ మీదున్న అంకె అదే. అది స్లింగ్ గురించిన అంకె. నీ నడుం గురించి గానీ, బండలో దిగిన బోల్ట్ గురించి గానీ, పగులులో ఇరికించిన గేర్ గురించి గానీ అది ఏమీ చెప్పదు. అదే కారును రెండు మీటర్ల ఎత్తు నుంచి వదిలి ఆ స్లింగ్‌తో పట్టమని మీవాడిని అడుగు, ఏమంటాడో చూద్దాం.

మనిషి ఒళ్లు తట్టుకోగల దెబ్బకు క్లైంబింగ్ తాళ్ల ప్రమాణాల్లో పెట్టుకున్న పైహద్దు 12 కేఎన్. పారాచూట్లతో దూకే సైనికుల మీద చేసిన పరిశీలనల నుంచి వచ్చిన అంకె అది. బిల్డింగుల మీద పనిచేసేవాళ్ల విషయంలో హద్దు ఇంకా కింద ఉంది. వాళ్ల లాన్యార్డుల్లో ఉండే ఎనర్జీ అబ్జార్బర్‌కు ఈఎన్ 355 పెట్టిన గరిష్ఠం 6 కేఎన్. ఇప్పుడు 22 పక్కన ఈ రెండు అంకెలూ పెట్టి చూడు. స్లింగ్ తెగడానికి చాలా ముందే నువ్వు విరుగుతావు. "తెగదు" అన్నమాటకు అందుకే నేను పెద్ద విలువ ఇవ్వను.

బావిలో నీళ్లు తోడినవాళ్లకు ఈ లెక్క చేతులకే తెలుసు. నిండు చేదను మెల్లగా లాగితే పది కిలోల బరువే. తాడు జారి, చేద కొంత దూరం కిందికి పోయాక టక్కున పట్టుకుంటే అరచేతుల తోలు లేచిపోతుంది, భుజం గుంజుకుపోతుంది. కాస్త కాస్త జారనిస్తూ ఆపితే ఏమీ కాదు. బరువు అదే, దిగిన ఎత్తూ అదే. ఎంత దూరంలో ఆపామన్నదే దెబ్బను నిర్ణయిస్తుంది.

దీన్నే అంకెల్లో పెడదాం. గేర్‌తో కలిపి నువ్వు 80 కిలోలు అనుకో. స్లింగ్ ఒక మీటరు. యాంకర్ నీ పాదాల దగ్గరుంది, నడుముకు, తొడలకు కట్టుకున్న నీ హార్నెస్ దానికి మీటరు పైనుంది. కాలు జారింది. యాంకర్ దాకా ఒక మీటరు, దాని కింద ఇంకో మీటరు, మొత్తం రెండు మీటర్లు ఏ అడ్డూ లేకుండా పడ్డాక స్లింగ్ బిగుసుకుంటుంది. డైనీమా పోగు తెగేలోపు మూడు నాలుగు శాతం కన్నా సాగదు. సరే, దాని సాగుడు, హార్నెస్ పట్టీల సర్దుబాటు అన్నీ కలిపి ధారాళంగా పది సెంటీమీటర్లు ఇద్దాం. 2.1 మీటర్లు పడుతూ పోగేసుకున్న శక్తంతా 0.1 మీటరులో ఖర్చవ్వాలి. అంటే సగటున నీ బరువుకు 21 రెట్లు, 1,680 కిలోలు, 16 కేఎన్ పైన. ఇది సగటు మాత్రమే, గరిష్ఠం దీనికన్నా పైనుంటుంది. అదే చోట మీటరు డైనమిక్ రోప్ ఉండి, 30 సెంటీమీటర్లు సాగిందనుకో. 2.3ని 0.3తో భాగించు. ఏడున్నర రెట్లు, 610 కిలోలు, 6 కేఎన్ చుట్టుపక్కల. గరిష్ఠం దీనికీ ఎక్కువే ఉంటుంది, కానీ మొదటి దానికీ దీనికీ మధ్య ఉన్న తేడా ఆసుపత్రి తేడా.

కాగితం మీద లెక్కలు కఠినంగా ఉంటాయని నువ్వు అనొచ్చు. నిజమే. ల్యాబుల్లో వదిలేది ఇనుప దిమ్మను. మనిషి ఒంగుతాడు, ముడులు బిగుసుకుంటాయి, హార్నెస్ కాస్త పైకి జరుగుతుంది, కాబట్టి అసలు దెబ్బ ఆ దిమ్మ మీద పడ్డంత ఉండదు. కానీ తాడు తాగాల్సిన కుదుపును అప్పుడు తాగుతున్నది నీ వెన్ను, నీ తుంటి, నీ కడుపు. దాన్ని ఊరట అనలేను.

ఇక్కడ చాలామందిని బోల్తా కొట్టించేది పడే దూరం. "మీటరే కదా, అర మీటరే కదా" అనిపిస్తుంది. లీడ్ చేస్తూ, అంటే కింద నుంచి తాడును వెంట తీసుకెళ్తూ ముందుగా ఎక్కుతూ, 12 మీటర్ల తాడు బయట ఉండగా నాలుగు మీటర్లు పడితే గట్టిగా అరుస్తావు, కింద ఉన్నవాళ్లూ అరుస్తారు, తర్వాత నవ్వుకుని మళ్లీ ఎక్కుతావు. 60 సెంటీమీటర్ల స్లింగ్ మీద 60 సెంటీమీటర్లు పడితే అరవడానికి టైమే ఉండదు, కానీ దెబ్బ అంతకన్నా ఎన్నో రెట్లు. పడ్డ దూరాన్ని, పట్టే తాడు పొడవుతో భాగిస్తే వచ్చేదాన్ని ఫాల్ ఫ్యాక్టర్ అంటారు. మొదటిది 0.33. రెండోది 1. యాంకర్ పైన నిలబడి పడితే 2. దెబ్బను తేల్చేది ఆ భాగహారమే. పొట్టి తాడు మీద పొట్టిగా పడటం, పొడుగు తాడు మీద పొడుగ్గా పడటం కన్నా భద్రం అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. పైగా లీడ్‌లో కింద తాడు పట్టుకునే బిలేయర్ ఒళ్లు కాస్త పైకి లేస్తుంది, డివైస్‌లో తాడు కొంచెం జారుతుంది, అవన్నీ దెబ్బను తగ్గిస్తాయి. స్లింగ్‌తో యాంకర్‌కి కట్టుకున్నప్పుడు మధ్యలో అలాంటి మెత్తదనం ఏదీ లేదు.

డైనమిక్ రోప్‌ను ఎలా పరీక్షిస్తారో చూస్తే దాని మీద నాకెందుకు నమ్మకమో అర్థమవుతుంది. ఈఎన్ 892 ప్రకారం సింగిల్ రోప్ మీద 80 కిలోల దిమ్మను సుమారు 1.77 ఫ్యాక్టర్‌తో వదులుతారు. మొదటి పతనంలో దెబ్బ 12 కేఎన్ దాటకూడదు, తాడు 40 శాతానికి మించి సాగకూడదు, కనీసం ఐదు పతనాల దాకా తెగకూడదు. స్లింగ్ ప్రమాణంలో కుదుపు పరీక్ష లేదు. ఒకదాన్ని పడేవాళ్ల కోసం చేశారు, ఇంకోదాన్ని వేలాడేవాళ్ల కోసం చేశారు.

ఇప్పుడు నీ ముడి. నాకు ఈ ఉత్తరంలో అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది అదే. మామూలు ముడి పడితే డైనీమా బలం దాదాపు సగానికి పడిపోతుంది. నైలాన్‌కీ ముడితో బలం తగ్గుతుంది, కానీ ఇంతగా కాదు. డైనీమా పోగు నున్నగా ఉంటుంది, కుదుపు పడగానే ముడిలోంచి జారుతూ రాసుకుంటుంది, రాపిడికి వేడెక్కుతుంది. అది కరిగే వేడి 145 డిగ్రీల దగ్గర్లోనే. నైలాన్ అయితే 200 డిగ్రీలు దాటాక గానీ కరగదు. వేల్స్‌లో క్లైంబింగ్ గేర్ తయారుచేసే డీఎంఎం అనే కంపెనీ సరిగ్గా ఇలాంటి స్లింగుల మీద బరువులు వదిలి చూసింది. ముడి వేసిన డైనీమా స్లింగులు తెగిపోయాయి. తెగని వాటిలోనూ దెబ్బ మనిషి తట్టుకునే హద్దు దాటిపోయింది. పొడవు తగ్గించాలని నువ్వు వేసే ముడి చూడటానికి జాగ్రత్తలా కనిపిస్తుంది, చేసేది మాత్రం 22ని 11 చేయడం.

సాగితే బండకు కొట్టుకుంటావన్న వాదనను నేను కొట్టిపారేయను. సరైన చోట అది సరైన మాటే. టాప్‌రోప్‌లో తాడు కింద నుంచి యాంకర్ దాకా పోయి తిరిగి కిందికి వస్తుంది కదా, 50 మీటర్లు బయట ఉందనుకో. డైనమిక్ రోప్ ఊరికే బరువు వేసినా పది శాతం దాకా సాగొచ్చని ప్రమాణమే ఒప్పుకుంటుంది. ఏడు శాతం అనుకున్నా మూడున్నర మీటర్లు. అప్పుడే నేల వదిలిన కొత్త పిల్ల రెండు మీటర్ల ఎత్తులో చెయ్యి వదిలితే మళ్లీ నేల మీదే ఉంటుంది. అందుకే టాప్‌రోప్‌కి, తాడు మీద కిందికి దిగే ర్యాపెల్‌కి, సామాను లాగడానికి, ఫిక్స్‌డ్ లైన్లకు చాలామంది తక్కువగా సాగే సెమీ స్టాటిక్ తాడు వాడతారు, తప్పేమీ లేదు. బిలేయర్ స్లాక్ రానివ్వకపోతే అక్కడ ఫ్యాక్టర్ సున్నాకు దగ్గరే. ఆ తాళ్ల ప్రమాణం ఈఎన్ 1891లో టైప్ ఏ రకానికి దెబ్బ కొలిచేది కూడా 0.3 ఫ్యాక్టర్ దగ్గర, 100 కిలోలతో, 6 కేఎన్ లోపు ఉండాలని. దాంతో లీడ్ చేయకూడదని ఆ అంకెలే చెబుతున్నాయి. మీవాడు పొరబడింది ఎక్కడంటే, 50 మీటర్ల తాడు లెక్కను మీటరు తాడుకు అంటగట్టాడు. మీటరు లాన్యార్డ్ ఎంత సాగినా ముప్పై, నలభై సెంటీమీటర్లు. ఆ ముప్పై సెంటీమీటర్లే నిన్ను కాపాడేవి.

ఇక రాణీగంజ్ సరుకు. లాగితే సాగుతుంది కాబట్టి పడ్డప్పుడూ సాగి ఆపుతుందని నువ్వు అనుకున్నట్టున్నావు. దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడు. పట్టీ పొడవునా ముడతలు ముడతలుగా ఉంటుంది, లోపల రబ్బరు దారాలుంటాయి. రెండు చేతులతో పూర్తిగా లాగు. ముడతలన్నీ పోయి పట్టీ చదునుగా అయ్యాక ఇంకా లాగు. ఒక్క మిల్లీమీటరు కూడా రాదు. రబ్బరు చేసే పని తాడు కాళ్లకు తగలకుండా పొట్టిగా ఉంచడం, అంతే. నీ బరువును ఆ రబ్బరు ఏమాత్రం ఆపలేదు. పట్టీ చదునైన క్షణం నుంచి అది అచ్చంగా సాగని తాడే. ఐస్ క్లైంబర్లు గొడ్డళ్లకు కట్టుకునే స్ప్రింగ్ తాళ్లూ ఇంతే, గొడ్డలి కిందపడకుండా ఉండటానికి, మనిషి పడకుండా ఉండటానికి కాదు.

ఎలాస్టిక్ పట్టీతో ఇంకో బాధ ఉంది, అది పైకి కనిపించదు. ఆల్ప్స్ పర్వతాల్లో బండ వెంబడి ఇనుప కేబుల్ బిగించి, మెట్లు దిగ్గొట్టిన దారులుంటాయి, వీయా ఫెర్రాటా అంటారు. ఆ కేబుల్‌కి రెండు చేతుల లాన్యార్డ్ తగిలించుకుని ఎక్కుతారు. కేబుల్‌ను నాలుగైదు మీటర్లకొకచోట బండకు బిగిస్తారు కాబట్టి, పడితే మీటరు లాన్యార్డ్ మీద నాలుగైదు మీటర్లు పడొచ్చు. క్లైంబింగ్‌లో 2 దాటని ఫ్యాక్టర్ అక్కడ 5 దాకా పోతుంది. 2012లో ఆస్ట్రియాలోని టైరోల్‌లో ఒక క్లైంబర్ అలా పడ్డప్పుడు లాన్యార్డ్ రెండు చేతులూ తెగిపోయి చనిపోయాడు. అవి ఎలాస్టిక్ చేతులు. మాటిమాటికీ సాగి ముడుచుకునే వాడకంలో బరువు మోయాల్సిన పోగులు అరిగిపోయాయని తేలింది. తర్వాత చాలా కంపెనీలు తమ లాన్యార్డులను మార్కెట్ నుంచి వెనక్కి పిలిపించుకున్నాయి. ఇప్పుడు ఆ ప్రమాణం, ఈఎన్ 958, 40 కిలోల మనిషితో మొదలుపెట్టి 120 కిలోల మనిషి దాకా పరీక్షించమంటోంది. ఆ లాన్యార్డుల్లో అసలు ఆపే పని చేసేది ఎలాస్టిక్ కాదు, హార్నెస్ దగ్గరుండే చిన్న సంచిలోని అబ్జార్బర్.

నీది కన్‌స్ట్రక్షన్‌ది అన్నావు. దానికి అలాంటి అబ్జార్బర్ ఉందో లేదో రాయలేదు. ఉంటే గుప్పెడంత మూట ఒకటి ఉంటుంది, లోపల మడతలు పెట్టి కుట్టిన పట్టీ ఉంటుంది. దెబ్బ పడగానే కుట్లు వరసగా చినుగుతూ పట్టీ విచ్చుకుంటుంది, దెబ్బను 6 కేఎన్ లోపు ఉంచుతుంది. మంచి వస్తువే. కానీ అది పూర్తిగా విచ్చుకుంటే మీటరున్నర పైనే పొడవవుతుంది. లాన్యార్డ్ పొడవు, విచ్చుకున్న పొడవు, నీ ఎత్తు కలిపి కింద ఐదారు మీటర్లు ఖాళీ ఉండాలి. పన్నెండో అంతస్తులో ఉంటుంది, భువనగిరి బండ మీద ఉండదు. పైగా దాన్ని వీపు వైపు కొండీ ఉండే ఫుల్ బాడీ హార్నెస్ కోసం చేశారు. మన హార్నెస్ నడుముకు, తొడలకు మాత్రమే. అబ్జార్బర్ లేకపోతే అది మనిషిని అంచు దాకా పోనివ్వకుండా ఆపడానికి పనికొచ్చే పట్టీ, పడ్డవాణ్ణి పట్టడానికి కాదు. ఐఎస్ 3521 ముద్ర కూడా లేకపోతే బిల్డింగ్ పనికి కూడా ఇవ్వొద్దు. మన ఇళ్లకు రంగులు వేసేవాళ్ల నడుముకు కట్టే బెల్టులు చాలాచోట్ల ఈ బాపతే, అది వేరే బాధ.

నువ్వు అడగలేదు గానీ, పొడవు తగ్గించుకోవాలన్న అవసరం నీకుంది కాబట్టి రేపో మాపో ఎవరో ఒకరు డైసీ చెయిన్ కొనుక్కోమంటారు. పొడుగు పట్టీ, దాని నిండా వరసగా చిన్న చిన్న గదులు, గదికీ గదికీ మధ్య కుట్టు. మొత్తం పట్టీ బలం ఎక్కువే, కానీ ఆ మధ్య కుట్లు రెండు మూడు కేఎన్‌కే విడిపోతాయి. పొట్టి చేయడానికి చివరి గదిలో ఉన్న కారాబైనర్‌నే (తెరిచి మూసే కొక్కెం) తీసుకొచ్చి ఇంకో గదిలో కూడా తగిలిస్తారు కొందరు. పక్కపక్క గదులు రెండూ ఒకే కారాబైనర్‌లో ఉన్నప్పుడు దాన్ని పట్టుకుని ఉంచేది నడిమి కుట్టు ఒక్కటే. ఆ కుట్టు విడితే కారాబైనర్ ఊడి చేతికొస్తుంది, పట్టీ మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. డైసీ చెయిన్‌ను గేర్ మీద నిలబడి ఎక్కే ఎయిడ్ క్లైంబింగ్ కోసం చేశారు. గొలుసులా విడివిడి లూపులతో, ప్రతి లూపుకీ పూర్తి బలం ఉండే పట్టీలు వేరే వస్తాయి, వాటికి ఈ లోపం లేదు. కానీ అవీ సాగవు.

ఇప్పుడు గుట్ట పైన నీ పని. భువనగిరిది ఏకశిల, అంచు గోడలా తెగిపోయి ఉండదు, గుండ్రంగా జారుతూ పోతుంది. మాలావత్ పూర్ణ, ఆనంద్ 2014లో ఎవరెస్ట్ ఎక్కేముందు శిక్షణ తీసుకున్న బండ అది, దాని జారుడు సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. అక్కడ టాప్‌రోప్ కట్టేవాళ్లు చేసే పని నాకు కళ్లకు కట్టినట్టు తెలుస్తూనే ఉంది. అంచు దగ్గర యాంకర్‌కి స్లింగ్ తగిలించుకుంటారు, కింద నుంచి ఎవరో అరుస్తారు, వినబడక రెండడుగులు ఇటు వేస్తారు, నీళ్ల బాటిల్ కోసం పైకి రెండడుగులు అటు వేస్తారు. ఇప్పుడు యాంకర్ కాళ్ల కింద ఉంది, స్లింగ్ వదులుగా బండ మీద పడి ఉంది. మనం పైన లెక్క వేసిన ఫ్యాక్టర్ 2 సరిగ్గా ఇదే. కొత్తవాళ్ల కన్నా ఈ తప్పు అలవాటైనవాళ్లే ఎక్కువ చేస్తారు, ఎందుకంటే కొత్తవాళ్లు భయంతో కదలరు.

కాబట్టి నీకు కావాల్సింది ముందు ఒక పొడుగు తాడు. అంచుకు దూరంగా, వెనక్కి ఉన్న గట్టి యాంకర్ నుంచి ఒక డైనమిక్ రోప్ వేసి, దాని మీద ప్రూసిక్ ముడితోనో తాడును పట్టి ఆపే గ్రిగ్రీ లాంటి డివైస్‌తోనో పొడవు సర్దుకుంటూ తిరుగు. అంచుకు ఎంత దగ్గరగా పోతే అంత పొడవు వదులు, వెనక్కి వస్తే లాగేసుకో. యాంకర్ ఎప్పుడూ నీ వెనకే, పైనే ఉండాలి, తాడు ఎప్పుడూ బిగుతుగానే ఉండాలి. పొట్టి లాన్యార్డ్ వాడేది ఒకచోట కుదురుగా నిలబడ్డాకే. అప్పుడూ యాంకర్ నడుముకు పైన ఉండేలా, లాన్యార్డ్ మీద కాస్త వాలి నిలబడు. యాంకర్ దాటి పైకి ఎక్కాల్సి వస్తే ఏ లాన్యార్డూ వద్దు, డైనమిక్ అయినా సరే. ఫ్యాక్టర్ 2 పతనం డైనమిక్ లాన్యార్డ్ మీద కూడా ఒళ్లు హూనం చేసే దెబ్బే. క్లైంబింగ్ రోప్ కట్టుకో, ఎవరితోనైనా బిలే పట్టించుకో.

అంచెలంచెలుగా ఎక్కే మల్టీపిచ్ రూట్లలో అయితే నేను విడిగా లాన్యార్డ్ మీద ఆధారపడటం తక్కువ. కట్టుకున్న క్లైంబింగ్ రోప్‌నే క్లోవ్ హిచ్ ముడితో యాంకర్‌కి వేసుకుంటాను. సాగే తాడు ఎలాగూ ఒంటి మీదే ఉంది, పొడవు రెండు సెకన్లలో సర్దుకోవచ్చు, విడిగా కొనేది ఏమీ లేదు. లాన్యార్డ్ అవసరం పడేది ర్యాపెల్స్‌లో, రోప్ విప్పాల్సి వచ్చినప్పుడు.

కొనదలిస్తే పెట్జల్, బీల్ లాంటి కంపెనీలవి డైనమిక్ తాడుతో చేసినవి దొరుకుతాయి, పొడవు సర్దుకునేవీ ఉన్నాయి. వీటి కోసమే యూరప్‌లో విడిగా ఈఎన్ 17520 అనే ప్రమాణం వచ్చింది, ఆ ముద్ర చూసి తీసుకో. ధర ఎక్కువనిపిస్తే సొంతంగా కట్టుకోవడం కూడా మామూలే. తొమ్మిది పది మిల్లీమీటర్ల సింగిల్ రోప్ ముక్క, రెండున్నర మీటర్లు చాలు. హార్నెస్ వైపు ఫిగర్ ఎయిట్, కారాబైనర్ వైపు బ్యారెల్ నాట్, తోకలు బెత్తెడు వదులు. లాకింగ్ కారాబైనరే వాడు. వేలాడుతున్నప్పుడు చెయ్యి చాపితే కారాబైనర్ అందాలి, అంతకన్నా పొడవు వద్దు. ముడులు మొదటిసారి మీ ఇన్‌స్ట్రక్టర్‌కి చూపించు. నెలల తరబడి వదిలేస్తే ఆ ముడులు రాయిలా బిగిసిపోయి, కుదుపు తాగడం మానేస్తాయి, అప్పుడప్పుడు విప్పి మళ్లీ కట్టు. పారేసిన తాడు నుంచి ముక్క కోసుకోవద్దు. ఎందుకు పారేశారో తెలియని తాడు నుంచి అసలే వద్దు.

హార్నెస్‌కి తగిలించేటప్పుడు రోప్ కట్టుకునే రెండు లూపుల్లోంచి వెయ్యి, ఆ రెండిటినీ కలిపే బిలే లూప్‌కి వేసి సీజన్ అంతా అక్కడే వదిలేయొద్దు. ఒకేచోట రాసుకుంటూ అరుగుతుంది. అమెరికాలోని యోసెమిటీలో 2006 అక్టోబరులో టాడ్ స్కిన్నర్ అనే పేరుమోసిన క్లైంబర్ ర్యాపెల్ చేస్తూ చనిపోయాడు, అరిగిపోయిన బిలే లూప్ తెగింది. గేర్ గురించి ఆయనకన్నా ఎక్కువ తెలిసినవాళ్లు ఆ రోజుల్లో తక్కువ.

బండి డిక్కీలో, కారు డిక్కీలో బ్యాటరీ దగ్గర తాళ్లు, హార్నెస్ పెట్టొద్దు. బ్యాటరీ యాసిడ్ నైలాన్‌ను తినేస్తుంది, చాలాసార్లు పైకి మచ్చ కూడా కనిపించదు. మే నెల ఎండలో కారు అద్దం కింద పడేయడం కూడా అలాంటిదే. గట్టి పతనం ఒకటి పట్టిన లాన్యార్డ్‌ను మార్చెయ్, ఎంత కొత్తదైనా.

డైనీమా స్లింగ్ పారేయక్కర్లేదు, దాని తప్పేమీ లేదు. లీడ్ చేసేటప్పుడు గేర్‌కీ రోప్‌కీ మధ్య పొడవు పెంచడానికి అంతకన్నా మంచిది లేదు. తేలిక, తడి పట్టదు, కుదుపు తాగే పని అక్కడ రోప్ చూసుకుంటుంది. బండ కొమ్ముకు చుట్టడానికి, రెండు బోల్టులను కలపడానికి కూడా వాడుకో. ముందు ఆ ముడి విప్పి, అది ఉన్నచోట వెలుతుర్లో పట్టుకుని చూడు. పోగులు లేచి నూగులా ఉన్నా, వేలితో రాస్తే ఒకచోట గట్టిగా, అద్దంలా మెరుస్తున్నా అక్కడ వేడికి కరిగిందన్నమాట. అలాంటిదైతే రెండు ముక్కలుగా కోసి పారెయ్, ఊరికే పారేస్తే ఎవరో ఒకరు తీసి వాడతారు.